దశరథుడు చేసిన నాలుగు తప్పులు

శ్రవణకుమారుడి కథ వినని తెలుగువాడు ఉండడు. గుడ్డి తల్లిదండ్రుల్ని కావడిలో మోసుకెళ్తూ నీళ్ళ కోసం ఏటి ఒడ్డుకి వెళ్ళడం, కుండలో నీళ్ళు నిండుతున్న బుడబుడ శబ్దం విని ఏనుగనుకుని దశరథుడు బాణం వెయ్యడం, శాపం, పుత్రశోకం... చిన్నప్పుడు మా నాయనమ్మ చెప్తుంటే ముక్కు చీదినవాళ్ళలో నేనూ ఒకణ్ణి. అయితే రెండేళ్ళ కిందట విస్కాన్సిన్‌లో ఓ చిన్న ఊరి కమ్యూనిటీ హాల్లో, పన్నెండేళ్ళ పిల్లల మధ్య ఇరుక్కుని కూర్చుని 'హంటర్ ఎడ్యుకేషన్' క్లాసు వింటుంటే మాత్రం ఏడుపు బదులు లెక్క తోచింది. దశరథుడు ఒక్క బాణంతో నాలుగు రూల్సు తప్పాడు!

ఒకటి, వెలుతురు లేని వేళ వేటాడాడు. రెండు, కంటితో చూడకుండా చెవితో గురి పెట్టాడు (దీన్నే మనం శబ్దభేది అని గొప్పగా చెప్పుకుంటాం). మూడు, గురి అవతల ఏముందో పట్టించుకోలేదు. అది నీళ్ళ రేవు, మనుషులొచ్చే చోటు. నాలుగు, చంపకూడని జంతువు మీద వేశాడు. ఈ నాలుగోది నా సొంత పైత్యం కాదు. రాజు అడవి ఏనుగుని చంపడం నిషిద్ధమనీ, దశరథుడు ఆ హద్దు దాటాడనీ కాళిదాసు రఘువంశం తొమ్మిదో సర్గలో రాశాడు.

వేట మంచిదా చెడ్డదా అని తేల్చడానికి ఇది రాయటంలేదు. ఆ గొడవ నా వల్ల తేలేది కాదు. నాకు తెలుసుకోవాలనిపించింది ఒకటే - ఈ రూల్సు ఎక్కణ్ణుంచి వచ్చాయి? తవ్వుతూ పోతే తేలిందేమిటంటే, మన ప్రొడక్షన్ సపోర్టులో ఏదన్నా పెద్దది కూలిపోయాక రూట్ కాజ్ రాసి ఒక కొత్త చెక్ పెడతాం చూడండి, వేట రూల్సు కూడా అచ్చం అలాగే పుట్టాయి. ఒక్కో రూలు వెనక ఓ శవం ఉంది. కొన్నిచోట్ల మనిషిది, కొన్నిచోట్ల ఒక జాతి మొత్తానిది.

సరే, మొదట్నుంచీ వస్తాను. నేనుండేది మేడిసన్‌లో. వచ్చిన మొదటి ఏడు నవంబరులో మా రిలీజ్ ప్లాన్ చూస్తే థాంక్స్‌గివింగ్ వారం కంటే ముందు శుక్రవారం నుంచే కోడ్ ఫ్రీజ్ అని ఉంది. ఎందుకయ్యా అంటే 'డీర్ సీజన్' అన్నారు. జోకనుకున్నా. కాదు. థాంక్స్‌గివింగ్‌కి ముందు శనివారం మొదలయ్యి తొమ్మిది రోజులు తుపాకీతో జింకల వేట. ఈ ఒక్క రాష్ట్రంలోనే 5 లక్షలమందికి పైగా లైసెన్సులు కొంటారు. మా టీములో సగం మంది నారింజరంగు బట్టలేసుకుని అడవిలో కూర్చుంటే ఇక బిల్డు ఎవడు చూస్తాడు?

మా టీములో రిటైర్మెంటుకి దగ్గరపడ్డ పెద్దాయన ఒకాయన ఉన్నాడు. రెండో ఏడు ఆయన 'వస్తావా?' అన్నాడు. నేను ఊగిపోయి సరేనన్నా. ఆయన వెంటనే 'అయితే ముందు క్లాసుకెళ్ళు' అన్నాడు. విస్కాన్సిన్‌లో 1973 జనవరి 1న కానీ ఆ తర్వాత కానీ పుట్టినవాళ్ళు మామూలుగా వేట లైసెన్సు కొనాలంటే ఈ క్లాసు పాసవ్వాలి. ఇంజనీరింగు చదివి, పదిమంది పిల్లలతో పాటు మల్టిపుల్ చాయిస్ పరీక్ష రాయడం ఎలా ఉంటుందో నన్నడగండి. పక్కన కూర్చున్న పిల్లకి నాకంటే రెండు మార్కులు ఎక్కువొచ్చాయి :)

ఆ రాత్రి ఇంటికి ఫోన్ చేసి గొప్పగా చెప్పా. నాన్న చాలాసేపు మాట్లాడలేదు. తర్వాత 'మీ తాతయ్య తుపాకీ సంగతి నీకెప్పుడూ చెప్పలేదు కదరా' అన్నాడు.

మాది ప్రకాశం జిల్లాలో నల్లమల అంచున ఉన్న పల్లె. 1970 ప్రాంతంలో, అంటే మా నాన్నకి ఐదారేళ్ళప్పుడు, తాతయ్యకి పంట కాపలా కోసం లైసెన్సున్న ఒంటిగొట్టం తుపాకీ ఉండేదిట. కంది చేలో అడవిపందులు పడుతున్నాయని రాత్రిళ్ళు మంచె మీద పడుకునేవాడు. ఓ రాత్రి చేలో గలగలమంటే కాల్చాడు. అది పంది కాదు. మా చేలో పనిచేసే ఆయన, తాతయ్యకి సద్ది తెస్తున్నాడు. రవ్వలు తొడలో దిగాయి. ప్రాణం దక్కింది కానీ బతికినన్నాళ్ళూ కుంటుతూనే నడిచాడు. తాతయ్య మర్నాడే తుపాకీ తీసుకెళ్ళి పోలీస్ స్టేషన్లో అప్పజెప్పి, ఆయనకి ఓ అర ఎకరం రాసిచ్చాడు. ఆ తర్వాత ఇంట్లో ఎవరూ ఆ మాట ఎత్తలేదు. నేను చూసిన తాతయ్య సంక్రాంతికి పిల్లలు బొమ్మ తుపాకీ పేల్చినా లేచి అవతలికి వెళ్ళిపోయేవాడు. చాదస్తం అనుకునేవాణ్ణి.

క్లాసులో నేర్పిన నాలుగు సూత్రాలు ఇవి. ప్రతి తుపాకీ లోడ్ అయి ఉందనే అనుకో. తుపాకీ మూతి ఎప్పుడూ క్షేమమైన దిక్కుకే ఉంచు. దేన్ని కాలుస్తున్నావో, దాని వెనకేముందో రూఢి చేసుకో. కాల్చే క్షణం వరకూ ట్రిగ్గర్ మీద వేలు పెట్టకు. మూడో సూత్రం దగ్గర మా నాన్న గొంతు వినపడింది. అందుకే చరిత్ర తవ్వడం మొదలెట్టా.

ఈ దేశంలో వేటకి మొదట అడ్డూ అదుపూ లేదు. యూరప్‌లో అడవీ జంతువులూ రాజువీ జమీందారువీ అయితే, ఇక్కడ ఎవడు కొడితే వాడివి. అది గొప్ప స్వేచ్ఛ అనుకున్నారు. ఈలోగా రైలూ టెలిగ్రాఫూ వచ్చాయి. ప్యాసింజర్ పావురాలని ఒక జాతి ఉండేది. మొత్తం 300 నుంచి 500 కోట్ల పిట్టలని అంచనా. 1871లో విస్కాన్సిన్ మధ్యభాగంలో 850 చదరపు మైళ్ళ మేర గూళ్ళు కట్టుకున్నాయి. పిట్టలు ఎక్కడ దిగాయో టెలిగ్రాఫ్ చెప్పేది, వేటగాళ్ళు రైలెక్కి వచ్చేవాళ్ళు, చంపిన పిట్టల్ని పీపాల్లో కుక్కి అదే రైల్లో షికాగోకీ న్యూయార్కుకీ పంపేవాళ్ళు. వేట అక్కడితో వేట కాకుండా పోయింది, సప్లై చెయిన్ అయింది. అడవులు నరకడమూ దానికి తోడైంది. విస్కాన్సిన్‌లో ఆఖరి ప్యాసింజర్ పావురాన్ని 1899లో బాబ్‌కాక్ అనే ఊళ్ళో కాల్చారు. ప్రపంచంలో ఆఖరిది, మార్తా అని పేరు, 1914 సెప్టెంబరు 1న సిన్సినాటి జూలో చచ్చిపోయింది.

జింకలదీ దాదాపు అదే దారి. 1900 నాటికి దేశం మొత్తమ్మీద 5 లక్షల లోపే మిగిలాయని అంచనా. విస్కాన్సిన్‌లో 1851లోనే కొన్ని నెలలు జింకల వేట మూసేస్తూ చట్టం చేశారు కానీ చూసేవాడు లేకపోతే చట్టం కాగితమే కదా. 1897లో లైసెన్సు పెట్టారు, మనిషికి రెండు జింకలే అన్నారు. మరి పక్క రాష్ట్రానికి పట్టుకెళ్ళి అమ్మేవాణ్ణి ఏంచేస్తారు? ఆ కంత పూడ్చడానికే 1900లో అయోవాకి చెందిన జాన్ లేసీ అనే కాంగ్రెస్ సభ్యుడు లేసీ చట్టం తెచ్చాడు. ఒక రాష్ట్రం చట్టం తప్పి చంపిన జంతువుని రాష్ట్రం దాటిస్తే అది ఫెడరల్ నేరం. ఆ చట్టం ఇవాళ్టికీ ఉంది.

తర్వాత ప్రశ్న డబ్బు. గార్డుల జీతాలెవరిస్తారు? అడవి కొనేదెవరు? 1934లో బాతుల వేటగాళ్ళందరూ ఒక డాలరు పెట్టి 'డక్ స్టాంపు' కొనాలన్నారు. మొదటి స్టాంపు బొమ్మ గీసింది డింగ్ డార్లింగ్ అనే పత్రికా కార్టూనిస్టు. 1937లో పిట్‌మన్-రాబర్ట్‌సన్ చట్టం వచ్చింది. వేట తుపాకులూ తూటాల మీద వేసిన పన్నుని (ఇప్పుడు 11 శాతం) వన్యప్రాణుల పనికే రాష్ట్రాలకి పంచుతారు. అందులో ఒక తెలివైన మెలిక ఉంది. లైసెన్సుల మీద వచ్చిన సొమ్ముని రోడ్లకో ఇంకోదానికో మళ్ళించిన రాష్ట్రానికి ఈ వాటా ఇవ్వరు. మన దగ్గర ఒక పద్దు కింద వసూలు చేసి ఇంకో పద్దు కింద ఖర్చుపెట్టే విద్య గురించి తెలిసినవాడిగా ఈ షరతుకి నేను మనసులోనే దణ్ణం పెట్టుకున్నా. ఇవాళ దేశంలో తెల్లతోక జింకలు 3 కోట్ల దాకా ఉంటాయని లెక్క. మా అపార్టుమెంటు వెనక పార్కింగులోనే నాలుగు తిరుగుతుంటాయి.

ఇదంతా విని 'వేటగాళ్ళే జంతువుల్ని కాపాడారు' అని ఇక్కడ కొందరు గర్వంగా చెప్తారు. సగం నిజం. ఖాళీ చేసింది కూడా వాళ్ళ తాతలే. ఇంకో సంగతి, రూలు సరైనదైనంత మాత్రాన జనం ఒప్పుకోరు. దీనికి మేడిసన్‌లోనే ఉదాహరణ ఉంది. ఆల్డో లియోపోల్డ్ ఇక్కడి యూనివర్సిటీలో 1933 నుంచి ప్రొఫెసరు. వన్యప్రాణుల నిర్వహణ అనే సబ్జెక్టుకి దాదాపు ఆద్యుడు. స్వయంగా వేటగాడు. 1940ల నాటికి జింకలు మళ్ళీ పెరిగి, మొలకలన్నీ తినేసి, చలికాలంలో తిండిలేక చస్తున్నాయని ఆయన మొత్తుకున్నాడు. ఆడ జింకల్ని కూడా కొంత తగ్గించాలన్నాడు. అంతకుముందు పాతికేళ్ళకి పైగా 'మగదాన్నే కొట్టాలి' అని నేర్పిన జనానికి ఇది పాపంలా తోచింది. 1943లో అలాంటి సీజను ఒకటి పెడితే సుమారు లక్షా 28 వేల జింకలు పడ్డాయి. దాన్ని '1943 నేరం' అని పేరుపెట్టి ఆయన్ని తిట్టిపోశారు. మర్నాటి ఏడు వెనక్కి తగ్గారు. 1948లో పక్కవాళ్ళ పొలంలో అంటుకున్న మంట ఆర్పబోయి గుండె ఆగి చనిపోయేనాటికి ఆయన ఈ వాదన గెలవలేదు. ఆ తర్వాత ఇక్కడ ఆడ జింకలకీ పర్మిట్లు ఇవ్వడం మామూలైపోయింది.

లియోపోల్డ్ చెప్పిన ఒక విషయం నాకు బాగా పట్టుకుంది. క్రికెట్‌కి అంపైరు ఉంటాడు, స్టేడియం నిండా జనం ఉంటారు. అడవిలో వేటగాణ్ణి చూసేవాడు ఎవడూ ఉండడు. తప్పు చేస్తే తెలిసేది వాడి మనసుకే. అందుకే పుస్తకంలో రాసిన రూల్సుకి తోడు రాయని మర్యాదలు పుట్టాయి. గాయపడ్డ జంతువుని వదిలి వెళ్ళకూడదు, చీకటి పడేదాకా అయినా సరే నెత్తురు జాడ పట్టి వెతకాలి. గురి కుదరదని తెలిస్తే కాల్చకూడదు. కొట్టింది తినాలి, లేదా తినేవాళ్ళకి ఇవ్వాలి. చంపినదాన్ని బండి మీద వేసి ఊరేగించకూడదు.

ఇక ఆ నారింజరంగు కథ. ఒకప్పుడు ఒక్కో సీజన్లో ఈ రాష్ట్రంలో రెండంకెల సంఖ్యలో మనుషులు చచ్చేవాళ్ళు. ఎక్కువమంది జింకలనుకుని కాల్చబడ్డవాళ్ళే. 1945లో ఎర్రబట్టలు తప్పనిసరి చేశారు. కానీ మసక వెలుతుర్లో ఎరుపు నల్లగా కనిపిస్తుంది, రంగులు సరిగ్గా కనపడని మగవాళ్ళూ తక్కువేం కాదు. 1980లో మెరిసే నారింజకి మార్చారు. నడుం పైన కనిపించే బట్టలో కనీసం సగం, టోపీ పెడితే అందులోనూ సగం ఆ రంగు ఉండాలి. జింక కంటికి ఎరుపూ నారింజా విడిగా తెలియవు, కాబట్టి నష్టం లేదు. మనిషి కంటికి మాత్రం పొదల మధ్య ట్రాఫిక్ కోన్‌లా కనిపిస్తుంది. 2016లో మెరిసే గులాబీని కూడా ఒప్పుకున్నారు. 1967లో మొదలైన శిక్షణా ఈ రంగూ కలిసి ప్రమాదాల్ని అప్పటితో పోలిస్తే పదో వంతుకన్నా తగ్గించాయి. ఇంత చవకైన ఫిక్సు మన ఇండస్ట్రీలో కూడా చూళ్ళేదు నేను.

మర్యాద తప్పితే ఏమవుతుందో చెప్పే కథ కూడా ఇక్కడిదే. 2004 నవంబరు 21, సీజను రెండో రోజు. రాష్ట్రం ఉత్తరాన ఒక ప్రైవేటు స్థలంలో, ఇంకొకరి మంచె మీద ఒకతను ఎక్కి కూర్చున్నాడు. లావోస్ నుంచి వచ్చిన మోంగ్ జాతివాడు, పక్క రాష్ట్రంలో ఉంటాడు. స్థలం వాళ్ళు వచ్చి దిగమన్నారు. దిగాడు. మాటా మాటా పెరిగింది. అతని చేతిలో రైఫిల్ ఉంది. ఆరుగురు చచ్చిపోయారు, ఇద్దరు గాయపడ్డారు. తనని జాతిపేరు పెట్టి తిట్టారనీ, ఆత్మరక్షణ కోసమే కాల్చాననీ అతనన్నాడు. జ్యూరీ ఆ వాదన ఒప్పుకోలేదు, జీవితఖైదు పడింది. 2007 జనవరిలో ఇదే రాష్ట్రంలో ఉడుతల వేటకెళ్ళిన ఒక మోంగ్ మనిషిని ఓ తెల్లవాడు అడవిలోనే చంపేశాడు. అతనికీ జైలు పడింది. ఈ రెండు కథలూ నాకు చెప్పింది మా పెద్దాయనే. చెప్పి, 'నువ్వు కొత్తవాడివి, నీ రంగు వేరు. అడగకుండా ఎవరి గట్టూ దాటకు. నేను పక్కన లేకుండా ఎక్కడికీ పోకు' అన్నాడు. భయపెట్టడానికి కాదు, తన కొడుక్కి చెప్పినట్టే చెప్పాడు.

ఇప్పుడు మన ఊరికి వద్దాం. వేట రూల్సు మన దగ్గర లేక కాదు. 1887లో పక్షుల చట్టం, 1912లో పక్షులూ జంతువుల చట్టం తెల్లవాళ్ళ కాలంలోనే వచ్చాయి. కానీ ఆ రూల్సు ఎవరికోసం? దొరలకీ నవాబులకీ షికారు కావాలి, అందుకని మిగతావాళ్ళని అడవి బయట పెట్టారు. తరతరాలుగా విల్లుపట్టి బతికిన చెంచు దొంగయ్యాడు, ఏనుగెక్కి వచ్చిన దొర క్రీడాకారుడయ్యాడు. హైదరాబాద్‌లో ఎల్బీ నగర్ దాటి విజయవాడ రోడ్డెక్కితే వచ్చే హరిణ వనస్థలి, ఒకప్పుడు నిజాం వేట స్థలమే. మీలో చాలామంది దసరాకి ఊరెళ్తూ దాని గోడ పక్కనే ట్రాఫిక్‌లో ఇరుక్కుని ఉంటారు. పోచారం అడవీ అలాంటిదే.

స్వాతంత్ర్యం వచ్చిన ఏడే, 1947లో, ఇప్పటి ఛత్తీస్‌గఢ్‌లోని కొరియా సంస్థానం మహారాజు మూడు చీతాల్ని కాల్చాడు. రాత్రిపూట, దీపం వెలుతుర్లో. మనదేశంలో చీతాలకి అవే చివరి గట్టి ఆనవాళ్ళంటారు. 1952లో ఆ జాతి దేశంలో లేదని ప్రకటించారు. 2022లో నమీబియా నుంచి విమానంలో తెచ్చుకోవాల్సొచ్చింది. 1972 నాటికి పులులు 1,827 అని తేలాక వన్యప్రాణి సంరక్షణ చట్టం వచ్చింది. ఆ చట్టం కూడా మొదట్లో కొన్ని జంతువుల వేటకి లైసెన్సులిచ్చేది. 1991 సవరణతో అదీ పోయింది. 2022 సవరణలో 'హానికర జంతువులు' అనే ప్రత్యేక షెడ్యూలు కూడా తీసేసి, అవసరమైతే కేంద్రం విడిగా ప్రకటిస్తుందన్నారు. ఈరోజు ఆంధ్ర రాష్ట్ర జంతువు కృష్ణజింక, తెలంగాణది మచ్చల జింక. కృష్ణజింకని చంపితే 3 నుంచి 7 ఏళ్ళ జైలు.

ఈ నిషేధం మంచిదే. అది లేకపోతే పులి కూడా చీతా దారిలోనే పోయేది. కానీ మా ఊరు వెళ్ళినప్పుడు ఒకటి చూశా. తుపాకీ పోయింది, అడవిపంది పోలేదు. చెరకూ, వేరుశనగా, మొక్కజొన్నా ఒక్క రాత్రిలో దున్నేస్తుంది. పరిహారం కోసం తిరిగే కాళ్ళరుగుడు కన్నా నష్టమే నయం అంటారు రైతులు. పందుల విషయంలో ప్రభుత్వాలు అప్పుడప్పుడు షరతులతో అనుమతులిచ్చాయి కానీ ఆ కాగితం పల్లెకి చేరేసరికి పంట ఉండదు. అందుకని కొంతమంది కరెంటు లైనుకి కొక్కెం తగిలించి చేను చుట్టూ తీగ లాగుతున్నారు. దానికి పంది ఒక్కటే పడదు. ఏనుగులు పడ్డాయి, చిరుతలు పడ్డాయి, తెల్లారకుండా నీళ్ళు పెట్టడానికి వెళ్ళిన రైతులూ పడ్డారు. పేపర్లో జిల్లా ఎడిషన్ తిరగేస్తే తరచూ కనిపించే వార్తే.

ఆలోచిస్తే ఆ తీగ కూడా శబ్దభేదే. నిజానికి అంతకన్నా గుడ్డిది. దశరథుడు చెవితోనన్నా విన్నాడు, తాతయ్య గలగల విని కాల్చాడు. తీగకి చూపూ లేదు, చెవీ లేదు, తర్వాత పశ్చాత్తాపమూ లేదు. చంపకూడదని చట్టం రాసినంత తేలిక కాదు, చంపాల్సిన అవసరం రాకుండా రైతుకి దారి చూపించడం. కంచెకి డబ్బు, త్వరగా వచ్చే పరిహారం, శిక్షణ ఉన్న మనిషి చేత వెంటనే చేయించే ఏర్పాటు - ఈ మూడూ లేనిచోట చట్టం పుస్తకంలో, తీగ చేలో ఉంటాయి. మళ్ళీ వేట తెరవమని నేననటంలేదు. పిట్‌మన్-రాబర్ట్‌సన్ నుంచి మనం నేర్చుకోవాల్సింది తుపాకీ కాదు, ఒక పని కోసం వసూలైన డబ్బు ఆ పనికే చేరేలా చేసిన ఆ షరతు.

ఇక, ఇక్కడ నాలాగే ఎవరన్నా పిలిస్తే ఊగిపోయే మనవాళ్ళ కోసం నాలుగు ముక్కలు.

మొట్టమొదట వీసా సంగతి. హెచ్-1బి, ఎఫ్-1 లాంటి నాన్-ఇమిగ్రెంట్ వీసాల మీద ఉన్నవాళ్ళు తుపాకీ కానీ తూటా కానీ దగ్గర పెట్టుకోవడం ఫెడరల్ నేరం. 1998లో వచ్చిన నిబంధన ఇది. మినహాయింపుల్లో ఒకటి, ఏదో ఒక రాష్ట్రం ఇచ్చిన చెల్లుబాటయ్యే వేట లైసెన్సు ఉండటం. వీకెండు సరదాగా షూటింగ్ రేంజికెళ్ళి ఫొటోలు దిగే కుర్రాళ్ళలో ఎంతమందికి ఇది తెలుసో! గ్రీన్‌కార్డు క్యూలో ఉన్నవాడికి ఇది చిన్న విషయం కాదు. అనుమానముంటే ముందే లాయర్ని అడగండి.

రెండోది, ఆ ఏడాది రూల్సు పుస్తకం. ఏ కౌంటీలో ఏది, ఎన్ని, ఎన్ని గంటల వరకు అనేది ఏటేటా మారుతుంది. పోయినేడు ఫ్రెండు చెప్పింది పనికిరాదు. విస్కాన్సిన్‌లో జింక దొరికిన మర్నాడు సాయంత్రం 5 లోపు ఆన్‌లైన్లో నమోదు చెయ్యాలి. 2002లో ఇక్కడి జింకల్లో సీడబ్ల్యూడీ అనే మెదడు జబ్బు బయటపడింది, కాబట్టి ఆ ప్రాంతాల్లో తల నమూనా పరీక్షకిచ్చి, ఫలితం వచ్చాకే మాంసం తినమంటారు.

మూడోది సామాను. తుపాకీ గురించి గంటలు మాట్లాడే జనం కాలి మేజోళ్ళ గురించి మాట్లాడరు. తెల్లారకముందే మైనస్ డిగ్రీల్లో కదలకుండా కూర్చోవాలి. కాటన్ బట్ట చెమటకి తడిస్తే ఆరదు, ఉన్ని వేసుకోండి. తలకి కట్టుకునే లైటు, దిక్సూచి, ఫ్లాస్కులో టీ. అన్నిటికన్నా ముఖ్యం, మంచె ఎక్కేటప్పుడు ఒంటికి కట్టుకునే బెల్టుల జీను. తూటాలకన్నా మంచె మీంచి పడి ఆస్పత్రికెళ్ళే రకాలే ఈ రోజుల్లో ఎక్కువ కనిపిస్తాయి. తుపాకీ భుజాన వేసుకుని ఎక్కకూడదు. తూటాలు తీసేసి, కింద తాడుకి కట్టి, పైకెక్కాక లాక్కోవాలి.

నాలుగోది మర్యాద. స్థలం ఎవరిదో వాళ్ళని సీజనుకి చాలా ముందే వెళ్ళి అడగండి. ఒప్పుకుంటే తర్వాత ఓ స్వీటు డబ్బా పట్టుకెళ్ళండి, మన పద్ధతే. ఖాళీగా కనపడినా ఇంకొకరి మంచె ఎక్కొద్దు. గాయపడ్డ జింక పక్క స్థలంలోకి పోతే, కంచె దాటకముందు తలుపు తట్టండి. ఎవరైనా వచ్చి 'ఇది మా స్థలం' అంటే వాదన వద్దు. తుపాకీ మూతి నేలకి దించి, క్షమించమని చెప్పి వెళ్ళిపోండి. మీదే రైటయినా సరే.

చివరికి నేను వెళ్ళానా? వెళ్ళాను, తుపాకీ లేకుండా. లైసెన్సు కొన్నా, సర్టిఫికెట్టు ఉంది, కానీ ఆ ఏటికి చూడ్డమే చాలనుకున్నా. తెల్లవారుజామున ఐదింటికి పెద్దాయన పక్కన మంచె మీద కూర్చున్నా. ఏడున్నరకి, ఓ అరవై గజాల అవతల పొదలు కదిలాయి. ఆయన తుపాకీ ఎత్తాడు. పొద మళ్ళీ కదిలింది. గోధుమరంగు ఏదో లీలగా కనపడింది. నాకైతే జింకే, సందేహం లేదు. ఆయన వేలు ట్రిగ్గర్ దగ్గరికే వెళ్ళలేదు. రెండు నిమిషాలు అలాగే చూసి, తుపాకీ దించేశాడు. పొద వెనకున్నది ఏదో అటునుంచటే వెళ్ళిపోయింది. జింకేనా, ఇంకేమన్నానా, ఇప్పటికీ తెలీదు.

ఆ రోజంతా ఇంకేం రాలేదు. చీకటి పడుతుంటే దిగి వస్తూ 'పొద్దున కాల్చి ఉండొచ్చు కదా' అన్నా. 'నాకు కనపడలేదు కదా' అన్నాడాయన, అదేదో మాట్లాడాల్సిన విషయమే కాదన్నట్టు.

ఆ రాత్రి నాన్నకి ఫోన్ చేసి ఇదంతా చెప్పా. ఈసారి కూడా చాలాసేపు మాట్లాడలేదు. తర్వాత 'మీ తాతయ్యకి ఎవరూ నేర్పలేదురా' అన్నాడు.